చెంగల్వ నీడ

శోణగిరి రాజ్యానికి ఒక పెద్ద కష్టం వచ్చిపడింది. నల్లకొండ గుహలో ఉండే యక్షుడు పసిపిల్లల నీడలు ఎత్తుకుపోసాగాడు. నీడ పోయిన పిల్లలు మాటాపలుకూ లేకుండా మంచం పట్టారు. రాజుగారి సైన్యం గుహదాకా వెళ్లడం, ఉత్తచేతులతో తిరిగి రావడం మామూలైపోయింది.

ఆ రాజ్యంలో పిల్లల వైద్యశాల ఒకటి ఉండేది. అక్కడ ఒక పద్ధతి. ఒక పరిచారిక వంతు ముగిసి మరొకరు వచ్చినప్పుడు, ఇద్దరూ మంచం పక్కనే నిలబడి బిడ్డను అప్పగించుకోవాలి. ఎంత జావ తాగింది, ఎన్నిసార్లు ఏడ్చింది, ఎవరిని తలుచుకుంది, ఏదీ వదలకుండా చెప్పాలి. మీ అమ్మ మిమ్మల్ని అమ్మమ్మ ఇంట్లో దిగబెట్టి చెప్పే జాగ్రత్తలు దీని ముందు ఏ మూలకు!

ఆ వైద్యశాలకు జ్వరంతో చెంగల్వ అనే ఆరేళ్ల పిల్ల వచ్చింది. కట్టెలు కొట్టేవాడి కూతురు. జ్వరం తగ్గుముఖం పట్టిన రోజున సౌగంధి అనే పరిచారిక, తిరునాళ్లకు వెళ్లే తొందరలో, అప్పగింతను గబగబా ముగించింది. పిల్ల పొద్దుటి నుంచి కిటికీలో వాలిన ఒక పసుపు ముక్కు పిట్టతో కబుర్లాడుతోందన్న సంగతి చెప్పలేదు. పిట్టే కదా అనుకుంది. తర్వాత వచ్చిన వీరక్క ఏమీ తెలియక కిటికీ తెరిచే ఉంచింది. ఆ పిట్టే యక్షుడు. ఎండ వాలే వేళకు లోపలికి వచ్చి చెంగల్వ నీడను ఎత్తుకుపోయాడు.

"జ్వరంతో చిక్కిన ఒళ్లు. ఎనిమిది రోజుల్లో నీడ తిరిగి రాకపోతే బిడ్డ దక్కదు," అన్నాడు ప్రధాన వైద్యుడు వాసుకయ్య.

సేనాపతి ఈసారి యక్షుణ్ణి ఎలాగో ఒప్పించి, చేతికందిన నీడను పట్టుకొచ్చాడు. దాన్ని పాదాల దగ్గర పెట్టగానే చెంగల్వ గజగజ వణికింది. అది ఇంకెవరి బిడ్డదో! వదిలేస్తే దాని దారిన అది గుహకు వెళ్లిపోయింది. ఈలోగా నాలుగు రోజులు గడిచాయి.

సౌగంధి ఇక దాచుకోలేకపోయింది. పిట్ట సంగతి అందరి ముందూ చెప్పి ఏడ్చింది. "నేనే వెళ్తానయ్యా," అంది.

వాసుకయ్యకు కోపం వచ్చింది. అయినా "వెళ్లు," అన్నాడు. "కానీ వెళ్లేముందు ఆ బిడ్డను చూసుకున్న వాళ్లందరి దగ్గరా అప్పగింత తీసుకో."

"నిద్రలో ఎడమ చెయ్యి చెంప కిందికి పోతుంది," అంది వీరక్క.

"మొదటి రెండు చెంచాలకూ మొహం తిప్పేస్తుంది, మూడోదానికి నోరు తెరుస్తుంది. నువ్వు విసుక్కోకూడదు మరి," అంది జావ కాచే ఆదెమ్మ.

పిల్లల్ని ఎత్తుకుని మోసే పోలయ్య తన చెయ్యి చూసుకున్నాడు. "బొటనవేలు ఒక్కటే పట్టుకుంటది తల్లీ. తక్కిన వేళ్లు ఇచ్చినా వద్దంటది."

సౌగంధి బయలుదేరింది. అడవిలో ఒక రాక్షసి బుగ్గ పట్టుకుని, చెట్లు ఊగిపోయేలా మూలుగుతూ దారికి అడ్డం పడుకుని ఉంది. సౌగంధి రెండడుగులు వెనక్కి వేసింది. అయినా అలవాటు పోనిచ్చుకుందా? "ఎప్పటి నుంచి నొప్పి? చల్లనివి తగిలితే ఎక్కువవుతోందా?" అని అడిగింది. రాక్షసి తెల్లబోయింది. తనను చూసి పారిపోయినవాళ్లే తప్ప నొప్పి గురించి అడిగినవాళ్లు లేరు. సౌగంధి తన సంచిలోని లవంగాలన్నీ దంచి ఆ పుచ్చిపోయిన పన్నులో కూరింది. నొప్పి తగ్గిన రాక్షసి ఆమెను భుజాన ఎక్కించుకుని, మొసళ్ల ఏరు దాటించి నల్లకొండ దగ్గర దించింది.

గుహ గోడ నిండా నీడలే. మొహాలు పోల్చుకునేలా లేవు, కదలిక లేదు.

"ఒక్కదాన్నే ఇస్తాను," అన్నాడు యక్షుడు. "సేనాపతిలా తప్పు నీడను తీసుకెళ్లావో, ఇంకెవరికీ ఈ గుహ తెరవను."

"వీటితో నీకేం పని?" అంది సౌగంధి.

"ఒంటరివాణ్ణి. పిల్లల నీడలుంటే సందడిగా ఉంటుందనుకున్నాను. ఇన్నాళ్లలో ఒక్కటీ కదల్లేదు."

సౌగంధి గోడ పక్కన కూర్చుని మెల్లగా జోలపాట అందుకుంది. నీడలు సర్దుకుని పడుకున్నాయి. వాటిలో తొమ్మిదింటికే ఎడమ చెయ్యి చెంప కిందికి వెళ్లింది. ఆ తొమ్మిదింటినీ లేపి, ఉత్త చెంచా చాపింది. రెండుసార్లు తల తిప్పి మూడోసారి నోరు తెరిచినవి రెండే. యక్షుడు కన్నార్పకుండా చూస్తున్నాడు.

ఆమె చెయ్యి చాపింది. మొదటి నీడ నాలుగు వేళ్లనూ గట్టిగా పట్టుకుంది. వదిలించుకోబోతే మనసొప్పలేదు. రెండో నీడ తడుముకుని, తడుముకుని, బొటనవేలు ఒక్కటే పట్టుకుంది. సౌగంధి బావురుమంది.

ఎనిమిదో రోజు పొద్దు వాలకముందే నీడ చెంగల్వ పాదాలను చేరింది. పిల్ల కళ్లు తెరిచి, ఆకలేస్తోందంది. ఆదెమ్మ ఏడుస్తూనే జావ కాచింది.

రాజు సంతోషం పట్టలేక అర్ధరాజ్యం ఇస్తానన్నాడు.

"నాకు రాజ్యమెందుకు మహారాజా? దండోరా వేయించండి," అంది సౌగంధి. "నీడ పోగొట్టుకున్న ప్రతి బిడ్డనూ దగ్గరుండి చూసుకున్నవాళ్లు నాతో రావాలి. అక్కడొక పసిబిడ్డ చెయ్యి ఇంకా నా వేళ్ల కోసం వెతుక్కుంటోంది."

దండోరా విని తల్లులూ, తాతలూ, ఆయాలూ బయలుదేరారు. గుహ ముందు వాళ్లను చూసి యక్షుడు తల వంచుకున్నాడు. ఒక్కటే ఇస్తానని ఈసారి అనలేదు, పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. అందరికన్నా ముందు ఒక జాలరి అవ్వ లోపలికి నడిచింది. చూపు ఆనక, గోడంతా తడుముకుంటూ వెళ్లింది.

"మా మనవడు నాలుగు వేళ్లూ పట్టుకుంటాడమ్మా," అంటూ చెయ్యి చాపింది.