బుల్లమ్మ అడిగిన ఆవం

పాలవాడు వచ్చి వెళ్ళాడు. వెంకటదుర్గ స్టౌ దగ్గర నిలబడి రాగిజావ కలుపుతోంది. పెరట్లో తండ్రి సింహాద్రి మోకాళ్ళ లోతు మట్టిలో దిగి తొక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది. నలభై రోజులుగా ఆ ఇంట్లో రోజూ అలాగే తెల్లవారుతోంది.

"దుర్గా, గోడ ఎంతవరకు లేచింది?" ముందు గదిలోంచి తల్లి బుల్లమ్మ అడిగింది. గొంతు బాగా సన్నబడిపోయింది.

దుర్గ వంటింటి కిటికీలోంచి చూసింది. నిన్న సాయంత్రం నడుం ఎత్తున ఉన్న గుండ్రటి గోడ ఇప్పుడు మోకాలి ఎత్తుకు దిగిపోయింది. పక్కన పచ్చి ఇటుకలు కుప్పగా పడి ఉన్నాయి. నాలుగోసారి.

"లేస్తందమ్మా," అని అబద్ధం చెప్పి, జావ గ్లాసు పట్టుకుని తల్లి దగ్గరికి వెళ్ళింది.

బలిఘట్టంలో కుండలు చేసే ఇల్లు ఇప్పుడు అదొక్కటే. సారె ముందు కూర్చుని కుండ తిప్పడం సింహాద్రి పని. ఆ కుండల్ని కాల్చడం బుల్లమ్మ పని. ఆవంలో పచ్చి కుండలు పేర్చడం, నిప్పు పెట్టడం, పొగ రంగు చూసి ఎప్పుడు చిన్న కట్టెలు వేయాలో, ఎప్పుడు పెద్దవి వేయాలో చెప్పడం అంతా ఆవిడే. నర్సీపట్నం సంతలో వాళ్ళ కుండని వేలితో కొట్టి చూసిన వాళ్ళు ఇంకోచోటికి వెళ్ళేవారు కాదు. రెండేళ్ళ కిందట తుపాను వానకి ఆవం కూలిపోయింది. మళ్ళీ కడదాం కడదాం అనుకుంటుండగానే బుల్లమ్మకి కడుపులో నొప్పి మొదలైంది.

విశాఖలో డాక్టర్లు కడుపులో గడ్డ చాలా దూరం పాకిందన్నారు. ఇంటికి తీసుకెళ్ళి ఏం తింటానంటే అది పెట్టమన్నారు. ఆ రోజు నర్సీపట్నం బస్టాండులో దిగి ఆటో ఎక్కాక బుల్లమ్మ మొగుడి భుజం మీద తల వాల్చింది.

"మావా, ఆవం కట్టు. ఒక్కసారి నిప్పెట్టి, అది కాలింది సూసుకుని ఎల్తాను."

సింహాద్రి మర్నాడే పార పట్టుకున్నాడు.

యలమంచిలిలో అంగన్‌వాడీ టీచరుగా చేస్తున్న దుర్గ సెలవు పెట్టి, పిల్లల్ని భర్త ధర్మతేజకి అప్పజెప్పి తల్లి దగ్గరికి వచ్చేసింది. వచ్చినప్పటినుంచీ ఆమెకి తండ్రి మీద కోపమే. తల్లికి తుడవడం, పక్క మార్చడం, మందులు వేయడం అన్నీ తనే చేస్తోంది. ఆయన మాత్రం తెల్లారితే పెరట్లోకి పోతాడు, చీకటి పడితే లోపలికి వచ్చి, గుమ్మంలో నిలబడి "తిన్నాదా?" అని అడిగి వెళ్ళిపోతాడు. ఒక్క పూటైనా మంచం పక్కన కూర్చోలేదు.

ఆ పూట రెండు వీధుల అవతల ఉండే నర్సు రాచెల్ నొప్పి ఇంజెక్షన్ వేయడానికి వచ్చింది. పని చూసుకుని బయటికి వచ్చాక గేటు దగ్గర దుర్గ చెయ్యి పట్టుకుంది.

"దుర్గా, ఒక మాట సెప్తాను ఏటీ అనుకోకు. ఈ మందు ఇంక సాలట్లేదు. ఇంత బాధలో మనిషి ఇన్నాళ్ళు ఉండడం నేను సూడలేదు. సూది గుచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతాది, ఆవం అయిపోయిందా అని. దాని కోసమే ప్రాణం బిగబట్టుకునుంది. మీ నాన్నగారికి సెప్పి బేగి కట్టించమ్మా. అదొక్కటి సూసుకుంటే నెమ్మదిగా ఎల్లిపోతాది."

దుర్గ తల ఊపింది.

మధ్యాహ్నం తండ్రికి అన్నం పెడుతూ అడిగింది. "మళ్ళీ ఎందుకు పడిపోయింది నాన్నా?"

"వంగింది," అన్నాడు సింహాద్రి, కంచంలోంచి తల ఎత్తకుండా.

"మొన్న?"

"నెర్ర ఇచ్చింది."

"ముప్పై ఏళ్ళలో నువ్వు కట్టిన గోడ వంగడం నేను చూడలేదు."

ఆయన చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. కంచంలో అన్నం సగం అలాగే ఉంది.

మర్నాడు తెల్లారుతుండగా ధబ్బుమన్న చప్పుడుకి దుర్గకి మెలకువ వచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోకి పరిగెత్తింది. సింహాద్రి గునపం గోడ కిందికి దూర్చి పైకి ఎత్తుతున్నాడు. నాలుగు ఇటుకలు దొర్లాయి. నిన్న సాయంత్రమే పూత పూసిన గోడ. ఎక్కడా వంకర లేదు, సన్నని గీత కూడా లేదు.

"నాన్నా! ఏం చేస్తున్నావు?"

ఆయన ఆగలేదు. దుర్గ వెళ్ళి గునపం పట్టుకుంది.

"నువ్వేనా? ప్రతిసారీ నువ్వే పడగొట్టీస్తన్నావా? లోపల అమ్మ నరకం పడతంది. నొప్పికి దిండు కొరుకుతంది. ఆవం అయిందా, ఆవం అయిందా అని అడుగుతుంటే రోజూ అబద్ధం చెప్పలేక చస్తున్నాను. నువ్వు ఆడుకుంటున్నావా ఇక్కడ?"

"వొగ్గేయ్ దుర్గా."

"వదలను. ఒక్క రోజు అమ్మ పక్కన కూర్చున్నావా? చెయ్యి పట్టుకున్నావా? నలభై ఏళ్ళు నీతో మట్టి మోసిన మనిషి. చివరికి అడిగింది ఒక్కటే. అది కూడా చెయ్యవా?"

సింహాద్రి గునపం వదిలేశాడు. కూలిన ఇటుకల మీద అలాగే కూలబడ్డాడు. మట్టి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూశాడు.

"నిప్పు సూసి ఎల్తానంది," అన్నాడు.

"అందుకే కదా..."

"అందుకేనే. నిప్పు సూస్తే ఎల్లిపోతాది." ఆయన మట్టి చేతులతోనే మొహం తుడుచుకున్నాడు. "నిప్పు లేకపోతే ఎలా ఎల్తాది? మీ అమ్మ మాటంటే మాట. నీకు తెలీదా? గోడ లేస్తంటే సాలు, నా గుండెలు జారిపోతన్నాయి. పైవరస ఎయ్యడానికి సెయ్యి రావట్లేదు. పక్కన కూకోమంటున్నావు. ఓ పాలి కూకున్నానే. సెయ్యట్టుకుంటే అన్నీ ఎముకలే తగిలినాయి. ఇంక నా వల్ల అవలేదు."

దుర్గ చేతిలో గునపం బరువెక్కింది. పక్కన పెట్టేసింది.

"దుర్గా!" లోపలినుంచి పిలుపు.

ముఖం తుడుచుకుని వెళ్ళింది. బుల్లమ్మ కళ్ళు తెరుచుకుని కిటికీ వైపు చూస్తోంది.

"మీ నాన్నని తిట్టకే."

"నీకు వినపడిందా అమ్మా?"

"నాకు పడినప్పుడల్లా వినపడతానే ఉంది. ఇటుక పడిన సప్పుడు నాకు తెలీదేటి? రెండో పాలి పడినప్పుడే తెలుసుకున్నాను."

"మరి ఎందుకు ఊరుకున్నావు?"

బుల్లమ్మ కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "ఇంకో రోజు ఉండమని అడుగుతున్నాడు. నోటితో అడగలేడు కదా. సరే, ఇంకో రోజు ఉందారి, ఇంకో రోజు ఉందారి అని బిగబట్టుకునున్నాను." కళ్ళ చివర నీళ్ళు దిండులోకి జారాయి. "ఇంక నా వల్ల కావట్లేదే తల్లీ. అలిసిపోనాను."

దుర్గ తల్లి గుండెల మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఆమె వీపు మీద తల్లి వేసిన చెయ్యి ఆకు వాలినంత తేలిగ్గా ఉంది.

గుమ్మం దగ్గర అలికిడి అయింది. సింహాద్రి అక్కడే నిలబడి అంతా విన్నాడు. బుల్లమ్మ ఆయన్ని చూసింది.

"మావా," అంది, "ఈ పాలి పడగొట్టకు."

ఆయన లోపలికి వచ్చాడు. మంచం పక్కన నేల మీద కూర్చుని, మట్టి అంటిన చేతిని పంచెకి తుడుచుకుని, భార్య చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. తల ఊపాడు.

ఆ రోజే మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి దుర్గ కూడా చీర ఎగ్గట్టి మట్టిలోకి దిగింది. ఎర్రమట్టిలో ఊక, ఇసుక కలిపి తొక్కింది. ఇటుకలు అందించింది. సింహాద్రి కింద నిప్పు గది, కట్టెలు వేయడానికి దానికో నోరు కట్టాడు. దాని మీద మంట పైకి రావడానికి చిల్లులతో అరుగు వేశాడు. అరుగు చుట్టూ గోడ లేపాడు.

"పైకెల్లేకొద్దీ ఒక్కో వరస బొటనవేలంత లోపలికి జరగాల," అని కూతురి వేలు పట్టుకుని ఇటుక మీద పెట్టి చూపించాడు. "లేకపోతే లోపల ఏడి నిలబడదు. ఇది మీ అమ్మ సెప్పిందే. నాను మొదట్లో నిలువుగా కట్టీసేవోడిని."

గంటకోసారి ఆయన లోపలికి వెళ్ళి వస్తున్నాడు. వెళ్ళినప్పుడల్లా బుల్లమ్మ ఏదో ఒకటి అడుగుతోంది. నోరు ఏ దిక్కున పెట్టినావు? గాలి ఎటునుంచి వస్తంది? ఆయన పక్కన కూర్చుని జవాబు చెబుతున్నాడు. ఒకసారి ఇద్దరూ సన్నగా నవ్వుకోవడం దుర్గకి పెరట్లోకి వినిపించింది. ఆ నవ్వు విని ఆమె తడిమట్టిలో నిలబడి ఏడ్చింది.

ఆరు రోజుల్లో గోడ పూర్తయింది. నాలుగు రోజులు ఎండింది. ఆవం కూలినప్పటినుంచీ కాల్చక చావిట్లో ఉండిపోయిన పచ్చి కుండల్ని సింహాద్రి ఒక్కొక్కటే మోసుకొచ్చి, మంచం దగ్గర ఆపి భార్యకి చూపించి, ఆవిడ చెప్పిన చోట పేర్చాడు. పైన పెంకులు కప్పి, పొగ పోవడానికి సందులు వదిలి మట్టి మెత్తాడు.

ఏప్రిల్ ఎండ ముదరకముందే, పొద్దున ఏడింటికి, బుల్లమ్మని మంచంతో సహా పెరట్లోకి మోసుకొచ్చారు. రాచెల్ కూడా ఒక చెయ్యి వేసింది. సింహాద్రి ఎండిన కొబ్బరి పీచు డొక్క అంటించి బుల్లమ్మ చేతికి ఇచ్చాడు. ఆ వేళ్ళకి దాన్ని పట్టే బలం లేదు. ఆయన తన చెయ్యి ఆవిడ చేతి చుట్టూ వేసి ఆవం నోటి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎండాకులు అంటుకున్నాయి. నల్లటి పొగ పెంకుల సందుల్లోంచి లేచింది.

బుల్లమ్మ కళ్ళు పొగ మీదే ఉన్నాయి. నిద్రపట్టేది, మెలకువ వచ్చేది. మెలకువ వచ్చినప్పుడల్లా పొగ చూసేది.

"ఇంకా తడుంది. సిన్న కట్టెలే."

మధ్యాహ్నానికి పొగ తెల్లబడింది. "ఇప్పుడు జీడి కట్టెలెయ్యి మావా. ఒకటే పాలి కాదు. నెమ్మదిగా."

నీడ సాగే వేళకి పొగ ఆగిపోయింది. పెంకుల సందుల్లోంచి కుండలు ఎర్రగా, పండిన పళ్ళలా కనిపించాయి. బుల్లమ్మ మొహం మీద ఆ ఎరుపు పడింది. జబ్బు పడ్డాక మొదటిసారి ఆవిడ మొహంలో రంగు కనిపించింది దుర్గకి.

"సాలు," అంది బుల్లమ్మ. "కాలినాయి. నోరు మూసీ."

సింహాద్రి మట్టిముద్ద చేతిలో పట్టుకుని కదలలేదు. భార్య వైపు చూశాడు. ఆవిడ కళ్ళతోనే కానిమ్మంది. ఆయన వంగి, ఒక్కో ముద్దా పెట్టి, ఆవం నోరు మూశాడు.

మూడో రోజు తెల్లవారాక, మంచం పక్కన సింహాద్రి నీళ్ళు తాగిస్తుండగా బుల్లమ్మ వెళ్ళిపోయింది. బాధ పడలేదు. ఆయన చేతిలోని గ్లాసు అలాగే ఉండిపోయింది.

చుట్టుపక్కల వాళ్ళు చేరారు. బుల్లమ్మ ఆడపడుచు సోమలమ్మ కృష్ణదేవిపేట నుంచి వచ్చి ఏడ్చి ఏడ్చి, తర్వాత జరగాల్సింది అందుకుంది. శ్మశానానికి కుండ కావాలని ఎవరినో బజారుకి పంపబోయింది.

"వద్దు," అన్నాడు సింహాద్రి.

పెరట్లోకి వెళ్ళి ఆవం పై కప్పు తీశాడు. లోపల ఇంకా గోరువెచ్చగా ఉంది. మూడు కుండలు పగిలాయి. మిగతావి నిలబడ్డాయి. ఒక్కొక్కటీ తీసి వేలి మడతతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. అన్నిటికంటే బాగా మోగిన కుండ ఏరి, బూడిద తుడిచి, భుజానికి ఎత్తుకున్నాడు.

"ఇంత మంచిది ఎందుకు అన్నయ్యా? ఎలాగా పగలగొట్టీసేదే కదా," అంది సోమలమ్మ.

"దానికి మంచిదే ఇవ్వాల," అన్నాడాయన.

ఆడవాళ్ళు శ్మశానానికి రాకూడదన్నారు. దుర్గ వినలేదు. వరాహ నది ఒడ్డున సింహాద్రి నీళ్ళ కుండతో చితి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఒక్కో చుట్టుకి కుండకి ఒక్కో చిల్లు పెట్టారు, నీళ్ళు ఆయన వీపు మీదుగా కారాయి. మూడో చుట్టు అయ్యాక కుండని వెనక్కి వదిలేయాలి. ఆయన వదలలేదు. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడిపోయాడు. కుండ ఖాళీ అయిపోయింది. అయినా వదలలేదు.

దుర్గ దగ్గరికి వెళ్ళి తండ్రి మోచెయ్యి పట్టుకుంది.

"నాన్నా, అమ్మ అలిసిపోయింది. వదిలెయ్."

ఆయన వేళ్ళు ఒక్కొక్కటే వదిలాయి. కుండ వెనక రాళ్ళ మీద పడి పగిలింది. సింహాద్రి కూతురి భుజం మీద తల పెట్టి, చిన్నపిల్లాడిలా గొంతెత్తి ఏడ్చాడు. దుర్గ ఆయన్ని పట్టుకుని, ఏడుపు ఆగేదాకా అలాగే నిలబడింది.

తిరిగి వచ్చే దారిలో ఇల్లు కనిపించాక ఆయన ఆగాడు.

"దుర్గా, మిగతా కుండలు అమ్మొద్దే. ఈదిలో ఇంటికొకటి ఇచ్చీదారి. రాచెలమ్మకి పెద్దది ఇయ్యి."

"అలాగే నాన్నా."

"మీ అమ్మ కాల్చినవి," అన్నాడు సింహాద్రి, కళ్ళు తుడుచుకుంటూ. "ఎండలు ముదిరిపోనాయి. నీళ్ళు తాగినోళ్ళకి సల్లగా ఉంటాది."