తడిసిన పెట్టె

"సీలు వేసిన పెట్టె చందానగర్ చేరేదాకా తెరవమండి. చేరాక సర్దడానికి ఇంకో మూడు నెలలు," అంది ప్రిస్కిల్లా, పెట్టెకు చీటీ అంటిస్తూ, తలెత్తకుండా.

ఆరోన్‌కు ఉన్నది నాలుగు రోజులు. హైటెక్ సిటీ వైపు వేసే కొత్త రోడ్డుకని పుప్పాలగూడలో వాళ్ళ సమాధుల తోట మీదుగా సర్వేవాళ్ళు సున్నంగీత గీసిపోయారు. శనివారంలోగా తోట హద్దులున్న పాత కాగితం చూపిస్తే గీత జరుగుతుంది. లేకపోతే తాత పడుకున్న చోట కంకర పడుతుంది. ఆ కాగితం మియాపూర్‌లోని ఈ మిషన్ పాత రికార్డుల భాండాగారంలోనే ఎక్కడో ఉంది. భవనం కంప్యూటర్ కోచింగ్‌వాళ్ళకు ఇచ్చేయడంతో భాండాగారం చందానగర్‌కు తరలిపోతోంది.

ఆరోన్ బతిమాలలేదు. చొక్కా చేతులు మడిచి లారీకి పెట్టెలు ఎత్తడం మొదలుపెట్టాడు. మాటలకు కూడా సీలు వేశారా అని ప్రిస్కిల్లా మూడు రోజులు ఏడిపించింది. నవ్వి ఇంకో పెట్టె ఎత్తాడు.

శుక్రవారం, వేరే ఊరి చీటీ ఉన్న రేకుపెట్టె దగ్గర ఆగి, వంగి వాసన చూశాడు.

"ఏంటండీ, పెట్టెను ముద్దు పెట్టుకుంటున్నారా?"

"వస వాసన. పురుగు పట్టదని మా నాయనమ్మ ప్రతి పెట్టెల వసకొమ్ము ఏస్తుండె. మా ఊరి పాదిరిగారు అప్పట్ల మా ఇంట్లనే ఉంటుండె, ఆయన పెట్టెలల్ల గూడ ఏసింది. ఇది మా ఊరి పెట్టె. చీటీ తప్పు పడ్డది."

చీటీలన్నీ రాసింది ప్రిస్కిల్లానే. ముఖం ఎర్రబడింది. లోపలికెళ్ళి తండ్రి కృపానందాన్ని అడిగింది. భాండాగారం ఆయన చేతి కిందే ఉంది. వాసనను నమ్మి సీలు కొయ్యలేనని ఆయన తేల్చేశారు.

అంతలో వాన దబదబా దిగింది. ఆరోన్ పెట్టెల మీద టార్పాలిన్ లాగి, ఆ రేకుపెట్టెకు తన రెయిన్‌కోటు కప్పి, తాను తడుస్తూ నిలబడ్డాడు. గొడుగేసుకొచ్చిన ప్రిస్కిల్లా తల పట్టుకుంది.

"గోడ మీద నాన్న రాసిన ఏడో రూలు చూశారా? దారిలో తడిసిన పెట్టెను వెంటనే విప్పి ఆరబెట్టాలి."

"దీని మీద సుక్క పడలే."

"అదే నా బాధ."

"కాయితాలు తడిపి తీస్కపోతే మా తాత మెచ్చడు."

ఆమె అతన్ని మొదటిసారి నిదానంగా చూసింది. కోటు పక్కకు తీసి, గొడుగు కొద్దిగా వంచింది. మూత మీద టప్ టప్‌మని మూడు చుక్కలు.

"నాన్నా, పెట్టె తడిసింది."

కృపానందం కళ్ళజోడు తుడుచుకుని మూతను చూశారు, కూతురిని చూశారు, తల నుంచి నీళ్ళు కారుతున్న కుర్రవాడిని చూశారు.

"తడిసిందే," అని గంభీరంగా ఒప్పుకుని, తానే సీలు కోశారు.

ఎండిన వసకొమ్ముల కింద పుప్పాలగూడ సమాధుల రిజిస్టరు. మొదటి పేజీలో పాదిరిగారి చేతిరాతలో తోట నాలుగు హద్దులు. కింద మొదటి పేరు ఆరోన్ ముత్తాతది.

శనివారం మధ్యాహ్నం ఆ రిజిస్టరు చూసి సర్వేవాళ్ళు తమ గీతను తామే చెరిపి, వాగు అవతల కొత్తది గీశారు. ఊరంతా తోటలో నిలబడి కీర్తన ఎత్తుకుంది. అందరికన్నా పెద్ద గొంతు ఆరోన్‌దే.

సాయంత్రం అతను చందానగర్ వెళ్ళేసరికి ప్రిస్కిల్లా ఆ పెట్టెకు కొత్త చీటీ అంటిస్తోంది.

"సర్దుడు మూడు నెలలంటిరి గద. రోజూ వస్త."

"ఆ తర్వాత?"

"మా అమ్మ మరియమ్మ వస్తది. మీ నాయనతోని మన సంగతి మాట్లాడనీకి."

ప్రిస్కిల్లా చీటీని తలకిందులుగా అంటించింది. అల్మరాల వెనక నుంచి కృపానందం దగ్గారు.

"మూడు నెలలు దేనికయ్యా? రేపు ఆరాధన అవగానే తీసుకురా."