గూట్లో గ్లాసు

కిటికీలోంచి జేబురుమాలు విసిరి సీటు మీద వేస్తే ఆ సీటు తనదే అయిపోతుందని పూర్ణచంద్రరావు నమ్మకం. గుడివాడ బస్టాండులో ఆ ధర్మాన్ని అందరూ పాటిస్తారు. ఆ రోజు జోరువానలో అందరినీ తోసుకుని అతను బస్సెక్కేసరికి, అదే జేబురుమాలు చక్కగా మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుని ఒక అమ్మాయి దర్జాగా కూర్చుని ఉంది. తెల్లచీర, నల్లసంచి, నవ్వాపుకుంటున్న కళ్ళు.

“ఆ సీటు నాదండీ.”

“మీ పేరు రాసి లేదే?”

“నా జేబురుమాలు ఉంది కదండీ!”

“ఉంది. తడిసిపోతుంటే తీసి దాచాను. థాంక్స్ చెప్పరా?”

థాంక్స్ చెప్పి, రుమాలు తీసుకుని, తన ఊరు పెదపారుపూడి దాకా నిలబడే వెళ్ళాడు. నిలబడ్డవాడు ఊరుకున్నాడా? పక్కనెవరో పెద్దమనిషి కులం మాట ఏదో ఎత్తితే అందిపుచ్చుకుని, మనుషులంతా ఒక్కటేనని దారి పొడుగునా ఉపన్యాసం దంచాడు. కాలేజీ డిబేట్లలో కప్పులు కొట్టిన గొంతు అది. ఆ అమ్మాయి వింటోందా లేదా అని మధ్యమధ్య ఓరకంట చూసుకున్నాడు కూడా.

ఊళ్ళో ఇద్దరూ దిగారు. ఆమె ముందు, అతను వెనక. సందు మలుపులో ఆమె గిరుక్కున తిరిగింది.

“నన్ను వెంబడిస్తున్నారా?”

“అయ్యో, మా ఇంటికి వెళ్తున్నానండీ.”

“నేనూ ఈ ఇంటికే,” అని ఆమె చూపించిన గేటు అతని ఇంటిదే.

జబ్బుపడి లేచిన అతని తండ్రికి ఇంజెక్షన్లు ఇవ్వమని గుడివాడ డాక్టరుగారు పంపిన నర్సు ఆమె. పేరు ఎలీసబెతు.

ఆ తర్వాత పూర్ణకి గుడివాడలో ఎక్కడ లేని పనులూ పుట్టుకొచ్చాయి. నాన్నకి మందులు అడగాలని ఒకసారి, ఇంజెక్షన్ ఎప్పుడో కనుక్కోవాలని ఒకసారి, ఊరవతల పేటలో ఉన్న ఆమె ఇంటికి వెళ్ళొచ్చేవాడు. వెళ్ళినప్పుడల్లా ఆమె తల్లి ఆనందమ్మ హడావుడిగా సందు చివరి కొట్టుకు పరుగెత్తి గోలీసోడా తెచ్చి ఇచ్చేది. ఎంత మర్యాద గల మనుషులు! పూర్ణ మురిసిపోతూ సోడా తాగేవాడు. ఎలీసబెతు మాత్రం గోడకానుకుని అతను తాగుతున్నంతసేపూ వింతగా చూసేది. ఆ చూపు ప్రేమేనని అతనికి అనుమానమే లేదు.

ఒక సాయంత్రం ఆమెను బస్సెక్కించడానికి కాలవగట్టు మీద నడుస్తూ అడిగేశాడు.

“నన్ను పెళ్ళి చేసుకుంటారా?”

ఆమె ఆగింది. నవ్వలేదు, కోప్పడలేదు.

“ముందు మీ ఇంట్లో నాకు మంచినీళ్ళు ఇప్పించండి. తర్వాత అడగండి.”

పూర్ణ పకపకా నవ్వాడు. “అదేమిటండీ! వచ్చినప్పుడల్లా మా అమ్మ ఇస్తూనే ఉందిగా?”

ఆమె అతని ముఖంలోకి చూసింది. “మీకు నిజంగానే తెలియదు,” అంది మెల్లగా. ఇంతలో బస్సొచ్చింది. ఎక్కి వెళ్ళిపోయింది, వెనక్కి తిరిగి చూడకుండా.

తెల్లారి పొలం నుంచి వచ్చాడు పూర్ణ. ఆమె మాటలు బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. దాహం వేసి, పశువుల కొట్టం గోడ గూట్లో బోర్లించి ఉన్న గ్లాసు తీసి, కుండలో ముంచుకుని గటగటా తాగేశాడు.

“ఒరేయ్!” పెరట్లోంచి తల్లి రత్తమ్మ పెట్టిన కేకకి గేదెలు బెదిరాయి. “పారబోయరా! అది ఆ నర్సమ్మ గ్లాసు!”

చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. సొట్టలు పడిన గ్లాసు. దాని పక్కన పేడతట్ట.

“ఆవిడకి... ఇందులోనా ఇస్తున్నావు?”

“మరి దేంట్లో ఇస్తార్రా? పాపం, మంచిపిల్ల. తాగి, తనే కడిగి, తనే బోర్లించి పోతుంది.”

“నాన్న చెయ్యి పట్టుకునే కదే ఆ అమ్మాయి సూది వేసేది!”

“అది వైద్యం. ఇది మంచినీళ్ళు,” అంది రత్తమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, కల్మషం లేదు. వాన పడితే గొడుగు వేసుకోవాలని చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆ మామూలుతనమే పూర్ణకి గుచ్చుకుంది. బస్సులో తన ఉపన్యాసం విని ఆ అమ్మాయి లోపల్లోపల ఎంత నవ్వుకుందో!

సైకిలెక్కి గుడివాడ దాకా ఆగకుండా తొక్కాడు. చెమటలు కక్కుతూ ఎలీసబెతు ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు.

“మా అమ్మ చేసింది తప్పు. మా ఇంట్లో ఇలా జరుగుతోందని నాకు తెలియదండీ!”

“కూర్చోండి బాబూ, సోడా తెస్తాను,” అని ఆనందమ్మ చెప్పులు వేసుకోబోయింది.

“సోడా వద్దండీ, కాసిని మంచినీళ్ళు ఇవ్వండి చాలు.”

ఆనందమ్మ కొయ్యబారిపోయింది. “మా ఇంట్లో నీళ్ళా బాబూ? మీరు తాగుతారా?”

అప్పుడు తగిలింది దెబ్బ. ఇన్నిసార్లు వచ్చాడు, ఈ ఇంట్లో చుక్క నీళ్ళు తాగలేదు. తాగడని వీళ్ళు ముందే అనుకున్నారు. ఎందుకివ్వరని తనూ అడగలేదు. మర్యాద అనుకుని మురిసిపోయాడు!

“మీ ఇంటి గ్లాసు ఇవ్వడానికి మీ అమ్మగారు భయపడ్డారు. నీళ్ళు ఇవ్వడానికి మా అమ్మ భయపడింది,” అంది ఎలీసబెతు. “మీరొక్కరే హాయిగా సోడా తాగారు.”

పూర్ణకి తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమె లోపలికెళ్ళి గ్లాసు నిండా నీళ్ళు తెచ్చింది. తాను రోజూ తాగే గ్లాసే. అతను తాగుతుంటే సగం చొక్కా మీదే పడ్డాయి. ఆమె మొదటిసారి గట్టిగా నవ్వింది.

ఆ సాయంత్రం ఇంట్లో పిడుగు పడింది.

“ఆ అమ్మాయినే చేసుకుంటానమ్మా. ఆవిడకి ఆ గ్లాసైతే నాకూ అదే గ్లాసు.”

రత్తమ్మ ఉన్నచోటే కూలబడింది. పూర్ణ సొట్టగ్లాసు, విస్తరాకు పట్టుకుని పశువుల కొట్టం అరుగెక్కాడు. రత్తమ్మ ఏడ్చింది, తిట్టింది, మెటికలు విరిచింది. మర్నాడు మంచం మీంచి తండ్రి లేచి, గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి కొడుకు పక్కన కూర్చున్నాడు.

“వాడికి పెట్టేచోటే నాకూ పెట్టవే.”

వంటింట్లో రత్తమ్మ ఒక్కతీ మిగిలింది. ఎదురుగా ఎవరూ లేకుండా అన్నం ఆమెకి సయించలేదు.

ఇంజెక్షన్ రోజు వచ్చింది. ఆ రోజూ వానే. సూది వేసి, సంచి సర్దుకుని, అలవాటు ప్రకారం ఎలీసబెతు పెరటివైపు వెళ్ళబోయింది.

“అటెందుకు?” అంది రత్తమ్మ, ఎటో చూస్తూ. చేతిలో ఇంటిల్లిపాదీ తాగే కంచుగ్లాసు. అంచు దాకా నీళ్ళు.

ఎలీసబెతు నివ్వెరపోయింది. గుమ్మంలో పూర్ణ రెండు చేతులా తలుపు పట్టుకున్నాడు. ఎలీసబెతు గ్లాసు అందుకుని, ఎక్కడ పెదవి తగులుతుందోనని ఎత్తి పోసుకుంది. ఆ కంగారులో పొలమారింది. దగ్గు మీద దగ్గు, కళ్ళ నిండా నీళ్ళు.

“అయ్యో, తల్లీ!” రత్తమ్మ చటుక్కున ముందుకొచ్చి ఆమె నడినెత్తి మీద తట్టింది. “ఎవరో తలుచుకుంటున్నారే!”

దగ్గు ఆగింది. రత్తమ్మ చెయ్యి ఇంకా ఎలీసబెతు తల మీదే ఉంది. అప్పుడు చూసుకుంది దాన్ని. గదిలో అందరూ అదే చూస్తున్నారు. తీస్తుందేమోనని పూర్ణకి భయం వేసింది.

“నేనేనమ్మా తలుచుకుంటున్నది,” అనేశాడు.

“నువ్వు నోరు ముయ్యి!” అంది రత్తమ్మ. చెయ్యి తియ్యలేదు. ఆమె ముఖంలో కోపం ఉంది, దిగులు ఉంది, ఏం చేశానా అన్న విస్తుపాటు ఉంది. చివరికి తడిసిన ఆ పాపట ఒకసారి నిమిరింది.

“ఎత్తి పోసుకోకమ్మా, మళ్ళీ పొలమారుతుంది. పెదవికి ఆనించుకునే తాగు.”

ఎలీసబెతు ఆనించుకుని తాగింది, ఆఖరి చుక్క దాకా. గ్లాసు దించి గుమ్మం వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళు ఇంకా ఆరలేదు. వాటి వెనక నుంచి, బస్సులో చూసిన ఆ నవ్వు తొంగిచూసింది.

“మంచినీళ్ళు తాగానండీ,” అంది. “ఇప్పుడు అడగండి.”

డిబేట్లలో కప్పులు కొట్టిన పూర్ణచంద్రరావుకి ఒక్క మాటా రాలేదు. జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.