తలుపు పక్క సీటు

ఆ ఆదివారం పొద్దున కూడా కిల్‌రే సోఫాలో కూచుని, ఒళ్ళో గిన్నె పెట్టుకుని సోయా మొలకల తోకలు తుంచుతూ, ఫోనులో ఎవరికో తన జేజూ దీవి ప్రయాణం కథ చెబుతోంది. ఇంచియోన్ చేపల బజారులో ఏళ్ళ తరబడి అరిచిన గొంతు ఆవిడది. గుసగుసలాడినా పక్కింటికి వినబడుతుంది.

"తర్వాతేమైందో విను. ఆ విమానం పిల్ల మళ్ళీ వచ్చింది. 'బామ్మగారూ, ఇది అత్యవసర ద్వారం పక్క సీటు, మీరు ఇక్కడ కూచోకూడదు, వేరే సీటుకి మారండి' అంటుంది. నా తుంటి బాధ దానికేం తెలుసు? మావాడు కోప్పడ్డాడా, కేకలేశాడా? ఏం లేదు. జేబులోంచి కార్డు తీసి ఇలా చూపించాడు. అంతే, పిల్ల నోటికి తాళం పడింది. దిగేదాకా కాళ్ళు బారజాపుకుని మహారాణిలా కూచున్నాననుకో."

స్నానాల గదిలో గడ్డం గీసుకుంటున్న ఆవిడ కొడుకు టేసిక్ చెయ్యి ఆగిపోయింది. ఈ కథ మొదట చెప్పినప్పుడు కార్డు ఒక్కటే ఉండేది. పోనుపోను కెప్టెన్ కూడా వచ్చి వంగి దణ్ణం పెట్టాడు. గోరంతలు కొండంతలు చేయడం వాళ్ళమ్మకి కొత్త కాదు. బాధేమిటంటే, ఇందులో ఆ గోరంత నిజమే.

టేసిక్ ప్రభుత్వంలో విమాన భద్రతా తనిఖీ అధికారి. చెప్పాపెట్టకుండా విమానం ఎక్కి, సిబ్బంది ఏం చేస్తున్నారో, ఏం ఎగ్గొడుతున్నారో చూసి రాయడం ఆయన ఉద్యోగం. రెక్క దగ్గర తలుపు పక్కన ఎవరు కూచున్నారన్నది ఆయన కన్ను ముందుగా వెతికే విషయం. ప్రమాదం జరిగితే ఆ తలుపు ఊడదీసి బయటికి విసరాల్సింది అక్కడ కూచున్న ప్రయాణికుడే. అందుకే ముసలివాళ్ళనీ, పిల్లల్నీ, కాలో చెయ్యో బాగాలేనివాళ్ళనీ అక్కడ కూచోనివ్వరు. ఆ సంగతి పట్టించుకోని విమాన సంస్థలకి ఆయన రాసిన రాతల వల్లే జరిమానాలు పడ్డాయి.

అలాంటి మనిషి, తల్లి డెబ్బయ్యో పుట్టినరోజుకి ఆవిణ్ణి జేజూ తీసుకెళ్తూ, విమానాశ్రయం కౌంటరు దగ్గరే తప్పటడుగు వేశాడు. అక్కడి మేనేజరు ఆయన్ని గుర్తుపట్టి, "అమ్మగారికి కాలు బాగాలేనట్టుంది, కాస్త కాళ్ళు చాపుకునే చోటు ఇస్తానుండండి" అని టిక్కెట్లు మార్చి ఇచ్చాడు. సీటు నెంబరు చూడగానే అదేమిటో టేసిక్‌కి తెలిసింది. తెలిసి, నోరు మూసుకుని, టిక్కెట్లు జేబులో పెట్టుకున్నాడు.

మొహం తుడుచుకుంటూ బయటికి వస్తే, వంటింట్లో భార్య జిన్‌ఓక్ వెనక్కి తిరక్కుండానే అంది.

"ఆవిడ ఆ కథ ఎత్తుకున్నప్పుడల్లా మీరు స్నానాల గదిలో దూరితే ఎలాగండీ? ఇక చాల్లేమ్మా అని ఒక్కమాట చెప్పొచ్చుగా."

"ఏమని చెప్పను? ఆ రోజు నేను చేసింది తప్పమ్మా అని చెప్పనా?"

"అదే చెప్పండి."

"డెబ్బయ్యేళ్ళకి మొదటిసారి విమానం ఎక్కింది. ఆ సంబరం తీసెయ్యమంటావా?"

"సంబరం ఆవిడది. సిగ్గు మాత్రం మనిద్దరిదీ. ఆ రోజు నేనూ పక్కనే కూచుని కిటికీలోంచి మబ్బులు చూస్తున్నట్టు నటించాను. ఆ అమ్మాయి మొహం ఎర్రబడిపోవడం మీరు చూశారో లేదో, నేను చూశాను."

టేసిక్ చూశాడు. చూడలేదని తనకి తాను చెప్పుకుంటూ వస్తున్నాడు గానీ, చూశాడు. ఆ పిల్ల జేబు మీద పేరు కూడా చదివాడు. హా యురిమ్. మహా ఉంటే తన కూతురి వయసు.

మధ్యాహ్నానికి కూతురు సోదామ్ వచ్చింది. వేరే సంస్థలో ఈమధ్యే విమాన పరిచారికగా ఎంపికై, శిక్షణకి హాస్టల్లో ఉంటోంది. ఆదివారం ఇంటి భోజనం తప్పనివ్వదు. ఆ పిల్ల ముందు కిల్‌రే జేజూ కథ ఎత్తబోతే చాలు, జిన్‌ఓక్ మాట మార్చేసేది. వచ్చీరాగానే నానమ్మ మెడ కావలించుకుని కబుర్లు మొదలుపెట్టే పిల్ల, ఆ రోజు జుట్టు ముడి కూడా విప్పకుండా వచ్చి బల్ల దగ్గర కూలబడింది.

"ఏంటే అలా ఉన్నావు? తిండి పెట్టడం లేదా అక్కడ?" అంటూ కిల్‌రే కాల్చిన చేపకి ముళ్ళు తీసి, ముక్క మనవరాలి అన్నం మీద పెట్టింది.

"ఏం లేదు నానమ్మా. క్లాసులో ఒక సంగతి విన్నాను. రెండు రోజుల్నుంచీ ఒళ్ళు మండిపోతోంది."

"కడుపులో పెట్టుకోకు, చెప్పెయ్."

సోదామ్ చెంచా కింద పెట్టింది. "ఇంకో సంస్థలో ఒక అక్క ఉంది. చేరి ఏడాది కూడా కాలేదు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. జేజూ విమానంలో అత్యవసర ద్వారం పక్కన ఒక ముసలావిడ కూచుంటే, లేచి మారమంది. అది ఆ అక్క పని. మారమనకపోతే తప్పు. ఆవిడ కొడుకు తనిఖీ అధికారట. కార్డు తీసి చూపించాడట. ఈ అక్క నోరు మూసుకుని వెళ్ళిపోయింది. అయినా వదల్లేదు. అధికారి కుటుంబం ముందు సంస్థ పరువు తీసిందని మేనేజరు పైవాళ్ళకి చెప్పాడు. ఇప్పుడు ఆ అక్కని విమానం ఎక్కనివ్వడం లేదు. ఆఫీసులో కూచోబెట్టి క్షమాపణ రాయిస్తున్నారు. తీసేస్తారంటున్నారు."

 యురిమ్‌కి ఇంత జరిగిందని టేసిక్‌కి నిజంగా తెలియదు. తెలుసుకోవాలని ప్రయత్నించిందీ లేదు.

"ఇంకా వినండి. మా శిక్షకురాలు ఈ కథంతా చెప్పి చివర్లో ఏమందో తెలుసా? 'చూశారుగా, అడిగే ముందు సీట్లో ఎవరున్నారో చూసుకోండి. ఉద్యోగం నిలబడాలంటే కాస్త లౌక్యం ఉండాలి' అంది. మేమంతా బుద్ధిగా తలలూపాం. నేనూ ఊపాను." సోదామ్ తండ్రివైపు తిరిగింది. "నాన్నా, వాడు మీ ఆఫీసువాడే అయ్యుంటాడు. ఎవడో కనుక్కో. కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకోవాలి?"

 జిన్‌ఓక్ చారు గిన్నెలోకి తల వంచేసింది.  టేసిక్ నోరు తెరిచేలోపు కిల్‌రే పకపకా నవ్వింది.

"కనుక్కోవడమెందుకే పిచ్చిదానా? ఆ అధికారి మీ నాన్నే. ఆ ముసలావిడ నేనే. కథంతా తెలిసినదానిలా చెబుతున్నావు, ఆ కెప్టెన్ వచ్చి దణ్ణం పెట్టిన ముక్క వదిలేశావే."

సోదామ్ నవ్వలేదు. నానమ్మని చూసింది, అమ్మని చూసింది, చిట్టచివరికి తండ్రిని చూసింది.

"నాన్నా, నువ్వా?"

"మీ నానమ్మకి తుంటి..."

"తుంటి గురించి నేనడగలేదు. ఆ తలుపు బరువెంత?"

"సోదామ్."

"ఇంటర్వ్యూకి ముందు రోజు నువ్వే నా చేత వల్లె వేయించావు. చెప్పు నాన్నా. బరువెంత?"

"పదిహేను కిలోలు," అన్నాడు టేసిక్ గొణుగుతూ.

"నానమ్మ అది లేపగలదా?"

కిల్‌రేకి రోషం పొడుచుకొచ్చింది. "లేపలేననుకున్నావా? తడి చేపల బుట్టలు ఇటొకటి అటొకటి మోసి మీ నాన్నని చదివించాను. పదిహేను కిలోలొక లెక్కా?" అంటూ బల్ల పట్టుకుని లేచింది. ఎవరు ఆపినా వినకుండా కుంటుకుంటూ వెనక వరండాలోకి నడిచింది. అక్కడ బట్టలుతికే యంత్రం పక్కన బియ్యం బస్తా ఉంది. పది కిలోలది, మొన్ననే తెచ్చింది, ఇంకా విప్పలేదు.

ఆవిడ వంగి బస్తా రెండు చెవులూ పట్టుకుంది. లాగింది. బస్తా నేల మీంచి లేచినట్టే లేచి మళ్ళీ కూచుంది. కాలు ఎడంగా పెట్టి, పళ్ళు బిగించి మళ్ళీ లాగింది. తుంటిలో కలుక్కుమంది కాబోలు, అబ్బా అని బట్టల యంత్రాన్ని వాటేసుకుంది. టేసిక్ పరుగెత్తుకొచ్చి పట్టుకోబోయాడు.

"ముట్టుకోకు," అంది కిల్‌రే.

కాసేపు అలాగే నిలబడి రొప్పింది. ఆ తర్వాత, ఆ బస్తానే చూస్తూ అడిగింది.

"ఆ రోజు మన వెనకాల కూచున్నది ఎవరు?"

"బడి పిల్లలమ్మా. విహారయాత్రకి వెళ్తున్నారు."

"అవును. నా వెనక సీటు పిల్ల సందులోంచి చెయ్యి పెట్టి నాకు చాక్లెట్టిచ్చింది. నీళ్ళలో పెట్టుకునే కళ్ళద్దాలు తెచ్చుకుంది, సముద్రంలో మునిగి చూస్తానంది." కిల్‌రే గొంతు మొదటిసారి సన్నబడింది. "ఏదైనా అయ్యుంటే, నేనిలా గింజుకుంటూ ఉంటే, ఆ పిల్లలంతా నా వెనక నిలబడి ఉండేవాళ్ళా?"

టేసిక్ తల దించుకున్నాడు.

"నేను లేపలేనని నీకు తెలుసా?"

"తెలుసమ్మా."

"తెలిసే కూచోబెట్టావా?"

"ఆ సీటు చూసి నీ మొహం ఎంత వెలిగిపోయిందో. నువ్వు జీవితంలో ఒక్కసారైనా కాళ్ళు చాపుకుని కూచోవడం నేను చూడలేదమ్మా. ఆ పిల్ల లేవమనగానే నీ మొహం చిన్నబోయింది. నాకేం తోచలేదు. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది."

"నా మీద తొయ్యకు." ఆవిడ కళ్ళనీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు. "తెలుసని ఒక్కమాట చెబితే నేనే లేచి వెనక్కి వెళ్ళేదాన్ని కాదూ? నడవలో నిలబడమన్నా నిలబడేదాన్ని. ఆ పిల్లకి తెలుసు, నీకు తెలుసు, నీ పెళ్ళానికీ తెలుసు. తెలియనిది నా ఒక్కదానికే. ఊరందరికీ ఫోన్లు చేసి నా కొడుకు గొప్పవాడని డప్పు కొట్టుకున్నాను. కొట్టుకున్నదంతా నా సిగ్గుచేటే."

టేసిక్‌కి తల కొట్టేసినట్టయింది. ఆయన ఉద్యోగంలో ఎంతోమందిని తలదించుకునేలా చేశాడు. తప్పు దొరికినప్పుడు వాళ్ళు చెప్పే సాకులు విని లోలోపల నవ్వుకునేవాడు. ఇప్పుడు తన నోట్లోంచి వచ్చినవీ అవే సాకులు. సోదామ్ అన్నం తినకుండానే సంచి తగిలించుకుని వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఒకే మాట అంది.

"రేపు క్లాసులో లేచి చెబుతాను నాన్నా, ఆ అధికారి మా నాన్నేనని. నువ్వు మీ ఆఫీసులో చెబుతావో లేదో నీ ఇష్టం."

మర్నాడు టేసిక్ తన పైఅధికారి గదిలోకి వెళ్ళి జరిగిందంతా చెప్పి, కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. పైఅధికారి మొహం చిట్లించాడు.

"నీమీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు కదయ్యా. ఎందుకు కొరివితో తల గోక్కుంటావు?"

"ఫిర్యాదు చెయ్యాల్సిన పిల్ల చేత క్షమాపణ రాయిస్తున్నారు సార్. అది రాయాల్సింది నేను."

విచారణ పూర్తయ్యేదాకా టేసిక్‌ని తనిఖీల నుంచి తప్పించారు. తర్వాత కార్డు తిరిగి ఇస్తారో లేదో చెప్పలేదు. ఆయన అడగనూ లేదు. ఆ విమాన సంస్థకి మాత్రం ఆఫీసు నుంచి గట్టిగానే కబురెళ్ళింది. యురిమ్ చేసింది సరైన పనేనని, సీటు ఇచ్చిన మేనేజరు సంగతి చూడాలని. సోదామ్ అన్నంత పనీ చేసింది.  ఆ రోజు తను చెప్పిన పాఠం మరిచిపొమ్మని శిక్షకురాలు అందట.

యురిమ్ మళ్ళీ విమానం ఎక్కబోతోందని తెలిసిన రోజు, టేసిక్ ఆమెని కలవడానికి అనుమతి అడిగాడు. ఒప్పుకుంది. బయల్దేరుతుంటే కిల్‌రే మంచి కోటు వేసుకుని, తీపి సోయాగింజల కూర డబ్బాలో సర్దుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నువ్వెందుకమ్మా, కాలు నొప్పితో?"

"ఆ సీట్లో కూచున్నది నువ్వా నేనా?"

విమానాశ్రయం పక్కన కాఫీ దుకాణంలో యురిమ్ ముందే వచ్చి కూచుంది. వీళ్ళని చూడగానే లేచి నిలబడింది. భయం ఇంకా పోలేదు ఆ పిల్లకి. టేసిక్ నడుం వంచి, ఎంతసేపటికీ తల ఎత్తలేదు. పక్క బల్లల వాళ్ళు చూస్తున్నారు. చూడనీ అనుకున్నాడు.

"తప్పు నాదమ్మా. నువ్వు చేసిన పనికి నిన్ను మెచ్చుకోవాల్సిన ఉద్యోగం నాది. ఆ ఉద్యోగాన్నే అడ్డం పెట్టుకుని నీ నోరు మూయించాను."

 "నాకూ సిగ్గుగానే ఉందండీ," అంది యురిమ్ మెల్లగా. "వాళ్ళు రాయించిన క్షమాపణకి కాదు. ఆ రోజు మీ కార్డు చూసి వెనక్కి వెళ్ళిపోయాను చూడండి, అందుకు. విమానం దిగేదాకా నా సీట్లో కూచుని ఆ పిల్లల్నే చూస్తూ ఉన్నాను. రేపు మళ్ళీ ఎక్కాలంటే భయమేస్తోంది. ఎవరైనా అలా కార్డు చూపిస్తే, నా గొంతు లేస్తుందో లేదో."

 క్షమాపణ చెబితే తీరిపోయే అప్పు కాదది. కిల్‌రే కూర డబ్బా పక్కకి జరిపి, కుర్చీలో నిటారుగా సర్దుకుని కూచుంది.

"ఏమ్మా, నన్ను మళ్ళీ అడుగు."

"ఏమిటి బామ్మగారూ?"

"ఆ రోజు ఏమడిగావో అదే. వీడు అడ్డం రాడు. వస్తే నేను చూసుకుంటాను. అడుగు."

యురిమ్ బిత్తరపోయి టేసిక్ వైపు చూసింది. ఆయన తలూపాడు. ఆ పిల్ల లేచి, కోటు సర్దుకుని, విమానంలో చేసినట్టే కిల్‌రే కుర్చీ పక్కన ఒక మోకాలి మీద కూచుంది. మొదట గొంతు వణికింది.

"బామ్మగారూ, మీరు అత్యవసర ద్వారం పక్కన కూచున్నారు. ప్రమాదం జరిగితే ఈ తలుపు తీసి, మిగతావాళ్ళు బయటపడడానికి సాయం చెయ్యగలరా?"

"చెయ్యలేను తల్లీ," అంది కిల్‌రే. "పది కిలోల బియ్యం బస్తా కూడా లేవలేదు నా చేత. నన్ను వేరే సీటుకి మార్చు."

"చెప్పినందుకు థాంక్సండీ," అంది యురిమ్ అలవాటు కొద్దీ. అని, అక్కడే మోకాలి మీద కూచుని ఏడ్చేసింది. కిల్‌రే ఆ పిల్ల తల నిమురుతూ కొడుకు వైపు తిరిగింది.

"చూస్తావేంట్రా? లేచి నాకు చెయ్యందించు. సీటు మారమంటోంది కదా."

టేసిక్ లేచాడు. తల్లి చంకలో చెయ్యి వేసి లేపి, కుంటే కాలికి తన కాలు ఆసరా ఇచ్చి, నెమ్మదిగా పక్క కుర్చీలో కూచోబెట్టాడు.