డబ్బాచెట్టు దగ్గర ఆడగొంతు

ఆగిరిపల్లి దాటాక, తోటల మధ్య మట్టిరోడ్డు పక్కన ఒక ముసలి మామిడిచెట్టుంది. దాన్ని డబ్బాచెట్టు అంటారు. కాపు రోజుల్లో గబ్బిలాలను తోలడానికి కొమ్మకు రేకుడబ్బా వేలాడదీసి, దాని తాడు గుడిసెదాకా కట్టారు. తాడు లాగితే డబ్బా మోగుతుంది. అందులో వింతేం లేదు. కాయ కోసేసి, తోట ఖాళీ అయ్యాక కూడా... రాత్రిళ్ళు అది మోగుతుంది. అదీ వింత.

చీకటి పడితే బండ్లవాళ్ళు అక్కడ హారన్ కొట్టుకుంటూ పోతారు. కొందరికి ఆడగొంతు కూడా వినిపించిందట. ఏమందో మాత్రం ఎవరూ చెప్పలేరు. పారిపోయేవాడికి మాటలెక్కడ వినిపిస్తాయి?

వినీలకి జరిగింది నేను విన్నది విన్నట్టు చెబుతాను.

తొలకరి పడిన రోజులు. వినీల మొగుడు ప్రసాద్ లారీ తోలుకుని నాగపూర్ పోయాడు. ఇంట్లో వినీల, అత్త సీతారావమ్మ, ఏడేళ్ళ పిల్ల హాసిని. పొద్దున పిల్లకి జ్వరం వచ్చింది. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు బిళ్ళలిచ్చాడు. మధ్యాహ్నం తల పగిలిపోతోందని ఏడ్చింది, వాంతులు చేసుకుంది. సాయంత్రం లైటు వేస్తే కెవ్వుమంది. తల్లి దగ్గరికి తీసుకోబోతే —

"నువ్వెవరు?" అంది.

సీతారావమ్మ గుండెలు బాదుకుంది. "నిన్న సందెవేళ ఆ చెట్టు కింద ఆడిందే! అక్కడే పట్టింది."

"ఆస్పత్రికి పోదాం అత్తయ్యా."

"దెయ్యానికి సూదేస్తాడా డాక్టరు? ముందు ఎర్రనీళ్ళు దిష్టి తీసి ఆ చెట్టు మొదట్లో పోసి రా. వెనక్కి చూడకు. ఎవరు పిలిచినా పలక్కు. పలికావో... పిల్ల దక్కదు."

ప్రసాద్ ఫోను కలవలేదు. సలహా అడుగుదామంటే ఇరుగుపొరుగు అప్పటికే తలుపులేసుకున్నారు. తోడొస్తానన్న మనిషి లేడు. వినీల పసుపూ సున్నం కలిపిన నీళ్ళు పిల్ల చుట్టూ తిప్పి, చెంబు పట్టుకుని ఒక్కతే బయల్దేరింది.

తోటంతా తడిసి ముద్దయి ఉంది. ఆకుల మీంచి నీళ్ళు కారుతున్నాయి... టప్... టప్... ఆ చప్పుడూ, ఆమె ఊపిరీ తప్ప ఇంకేం లేదు.

నీళ్ళు పోసింది. వెనుదిరిగింది.

డబ్బా మోగింది!

వినీల ఆగిపోయింది. వెనకనుంచి — గుసగుసగా —

"పిల్లలకేనా?"

వినీల పళ్ళు బిగించింది.

"జ్వరమా...? వాంతులా...?"

దెయ్యానికి ఇవన్నీ ఎందుకు?

"మెడ వంగుతోందా? గడ్డం గుండెకి ఆనుతోందా... లేదా?"

పలికితే పిల్ల దక్కదంది అత్త. కానీ పొద్దుటినుంచీ పిల్లకి ఎలా ఉందని ఇంత ఇదిగా అడిగింది ఈ గొంతొక్కటే. వినీల వెనక్కి తిరగలేదు గానీ, నోరు తెరిచింది.

"చూడలేదు..."

"పో. చూడు. వంగకపోతే తెల్లారేదాకా ఆగకు. పెద్దాసుపత్రికి తీసుకుపో. నీకు దణ్ణం పెడతాను..."

ఆ గొంతు ఏడుస్తోంది.

వినీల పరుగెత్తింది. పిల్ల తల కింద చెయ్యి పెట్టి లేపింది. మెడ వంగలేదు. తలతో పాటు భుజాలూ లేచాయి, కర్రముక్కలాగా.

"పలికావా ఏంటి?" అత్త అడిగింది.

"పలికాను."

"పిల్లని చంపుకున్నావే!"

వినీల 108కి ఫోన్ చేసింది.

విజయవాడ ఆస్పత్రిలో మెదడువాపు అన్నారు. రాత్రికి రాత్రే తేవడం మంచిదైందన్నారు. అద్దం తలుపు బయట వినీల ఒంటరిగా కూర్చుంది. ప్రసాద్ వచ్చేదాకా ఆమెతో మాట్లాడినవాళ్ళు మందుల చీటీ ఇచ్చే నర్సులే. ఎన్నో రోజులు పిల్ల కళ్ళు తెరిచినా ఎవరినీ చూడలేదు. ఒక పొద్దున మటుకు తల్లి వైపు తిరిగి, "అమ్మా, నా చెప్పులేవి?" అంది.

చెంచా పట్టుకోవడం మళ్ళీ నేర్చుకుంది. నడక నేర్చుకుంది. వానలు వెనకబట్టాక వినీల ఒకరోజు తెల్లారగానే, పిల్ల చెయ్యి పట్టుకుని డబ్బాచెట్టు దగ్గరికి వెళ్ళింది. తాడు వెంట గుడిసెదాకా నడిచింది.

గుడిసెలో మనిషి ఉంది, కూలికి బయల్దేరబోతూ. అమృతమ్మ!

ఆమె ఒకప్పుడు ఆ తోటకి కాపలా ఉండేది. మూడేళ్ళ కింద కొడుకు జ్వరంతో పోయాక పుట్టింటికి పోయిందని ఊళ్ళో చెప్పుకున్నారు. పోలేదు. రెడ్డిగూడెం వైపు కూలికి పోయి, చీకటి పడ్డాక వచ్చి ఇక్కడే పడుకుంటోంది. ఉందో లేదో కనుక్కున్నవాడు లేడు.

"మా వాడికి జ్వరమొచ్చిన రాత్రి నేనూ ఇక్కడే నీళ్ళు పోసి, ఎవరితోనూ పలక్కుండా ఇంటికెళ్ళాను" అంది అమృతమ్మ. "వెళ్ళేసరికి వాడు లేడు. మెడ వంగనప్పుడే తేవాల్సిందని తర్వాత పెద్దాసుపత్రి డాక్టరన్నాడు."

"మరి పగలొచ్చి చెప్పొచ్చుగా అక్కా, అందరికీ?"

"చెప్పబోయాను. కొడుకుని మింగినదాని మొహం చూడకూడదని తలుపులేశారు. నీళ్ళు తెచ్చేవాళ్ళు ఎటూ ఇక్కడికే వస్తారుగా... ఆగుతారని తాడు లాగేదాన్ని, చెట్టు చాటుకొచ్చి అడిగేదాన్ని. పారిపోయేవాళ్ళు."

పిచ్చిది! గబ్బిలాలని తోలే చప్పుడుతో మనుషుల్ని పిలిచింది. మెదడువాపు మందుకి లొంగింది. ఊరి భయానికి మందు ఏ ఆస్పత్రిలో ఉందో నాకు తెలీదు. దెయ్యం ఎవరి పిల్లనీ చంపలేదు. భయం ఒకణ్ణి చంపింది, వాడి తల్లిని బతికుండగానే దెయ్యాన్ని చేసింది.

హాసిని అమ్మ చీర చాటునుంచి తొంగి చూసింది. ఇంకా మాట కాస్త నిదానం.

"నువ్వేనా... దెయ్యం?"

వినీల పిల్ల నోరు మూయబోయింది. అమృతమ్మ అడ్డంగా చెయ్యి ఊపింది. నవ్వింది. గబగబా చాప దులిపి పరిచింది.

"అవును తల్లీ. లోపలికి రా."