యాట్‌కి వేసిన శుభలేఖ

"ఎవరండీ కొట్టించింది ఈ కార్డు?"

హైదరాబాద్ పత్తర్‌గట్టిలోని చీరల దుకాణంలో గల్లా మీద శుభలేఖ పడేసి ఊగిపోతున్నాడు శ్రీవత్స. గోవాలో యాట్‌లు, అంటే విలాస పడవలు, కిరాయికిచ్చే కంపెనీలో సెక్యూరిటీ ఆఫీసరతను; ట్రిప్పుకి ముందు తనిఖీకి వచ్చాడు. కాకినాడ మనిషి, కోపంలోనూ మర్యాద తప్పలేదు.

"నేనే. ఏంది, బాగ లేదా?" అంది దుకాణం యజమాని ప్రహ్లాద్ కూతురు స్రవ్య.

"పడవ పేరు, ఎక్కే రేవు, టైము, మీ అమ్మగారికి పెట్టబోయే బంగారు వడ్డాణం! దొంగలకి ఇంకేం కావాలండీ? రూట్ మ్యాప్ కూడా వేయాల్సింది."

"కార్డుల జాగ లేకుండె."

"ఎంతమందికి పంచారు?"

"నాలుగొందలు. మొదటిది మహంకాళి అమ్మవారికి."

"అమ్మవారి మీద నాకు అనుమానం లేదు. మిగతావాళ్ల సంగతి?"

"ఎక్కేది ఎనిమిది మందిమే. అయినా కార్డియ్యకుంటే బజార్ల తలెత్తుకుంటమా? అమ్మా బాపుల పాతికేళ్ల పెళ్లిరోజు సార్!"

"నేను ట్రిప్పు కాన్సిల్‌కి రాస్తున్నాను."

స్రవ్య లేచి నిలబడింది. "రాయండి! మా అమ్మ ఇప్పటిదాంక సముద్రం చూడలే. పాతికేళ్లు బాపుకు దుకాణమే సరిపాయె. ఇప్పుడాయనకు తీరితే మీరు పెన్ను తీసిండ్రు. మా చుట్టాలంత దొంగలని గూడ రాయండి, సంతకం నేను పెడ్త!"

శ్రీవత్సకి ఒళ్లు మండింది. ఆమె కళ్లలో నీళ్లు చూశాక మరింత మండింది, ఈసారి తన మీదే. కెమెరాలు, కాపలా, సిబ్బంది పుట్టుపూర్వోత్తరాలు, అన్నీ చూసుకున్నాడు. శుభలేఖ ఊసు మాత్రం ఏ రూల్‌బుక్‌లోనూ లేదు.

బయట వాన దంచుతోంది. వెళ్లే దారి లేదు. స్రవ్య చాయ్ తెప్పించింది, అదీ కోపంగానే.

సగం తాగి అతనన్నాడు. "మూడు రోజుల ముందే బయల్దేరండి, వేరే పడవలో. వడ్డాణం లాకర్లోనే ఉండాలి. ఫొటోలు ఇంటికొచ్చాకే పెట్టాలి."

"కార్డుల వేసిన రోజు?"

"పడవ కుదర్లేదని చెప్పి అందరికీ ఇంట్లో భోజనాలు పెట్టండి. అంతవరకూ నోరు విప్పకుండా ఉండగలరా?"

"ఎవరితోని మాట్లాడుతున్నరో తెలుసా?"

"తెలిసే భయపడుతున్నానండీ."

స్రవ్య నోరు విప్పలేదు. ఆమె జీవితంలో అది పెద్ద సాహసం.

గోవాలో, ఎవరూ ఎదురుచూడని రోజున, ఎవరికీ తెలియని పడవలో, స్రవ్య తల్లి సుశీల రెయిలింగ్ పట్టుకుని ఆ నీళ్లకేసి చాలాసేపు చూసింది. పక్కన ప్రహ్లాద్ ఫోన్ ఆపేసి నిలబడ్డాడు. వెనకాల శ్రీవత్స బైనాక్యులర్స్‌తో కాపలా.

సుశీల తృప్తిగా వెనక్కి తిరిగింది. "బాబూ, దొంగలు వచ్చేది నీళ్ల మీదికెల్లి గదా? నీ దుర్బిణి మా పిల్ల దిక్కు తిరిగిందేంది?"

"గట్ల అడుగమ్మా! గంట సంది గిదే లొల్లి," అంది స్రవ్య.

"గంట సంది నువ్వెందుకు చూస్తున్నవే?"

స్రవ్య గబుక్కున సముద్రం వైపు తిరిగింది.

"తప్పేనండీ, రిపోర్టులో రాసుకుంటాను," అన్నాడు శ్రీవత్స.

"రిపోర్టెందుకు? మీ అమ్మానాన్నలను తీస్కొని లాల్‌దర్వాజల మా ఇంటికి రా," అన్నాడు ప్రహ్లాద్.

"నన్నెవ్వరు అడగరా?" స్రవ్య కస్సుమంది.

శ్రీవత్స దగ్గరికొచ్చి అడిగాడు. అలల హోరులో ఎవరికీ వినబడలేదు. ఆమె కోపం దిగిపోవడం మాత్రం అందరికీ కనబడింది.