యంకవ్వ కొత్త మెట్టెలు

నర్సు జయాబాయి మెట్లెక్కి వచ్చేసరికి ఒక కాలికే చెప్పు ఉంది. మాన్వి బస్సు దిగిన చోటినుంచి పరుగెత్తుకొచ్చిందట. రాయచూరు తీన్ కందీల్ చౌరస్తా వెనక సందులో, మేడ మీది గదిలో ఉండే ప్రైవేటు డిటెక్టివ్ మహదేవప్ప ఆమె కాళ్ల వంక చూసి, తలుపు గడియ వెయ్యమని అసిస్టెంటు సూగప్పకు సైగ చేశాడు.

“నేను సంపలే సాబ్,” అంది జయాబాయి. “ఊరంత నేనే సంపిన్నంటున్నరు.”

పెద్ద కాలువ కొత్తగా పారుతున్న ఏళ్లవి. నీళ్లతోపాటు పల్లెల్లోకి జ్వరాలూ వచ్చాయి. మాన్వి దాటాక కాలువ పక్కనున్న ఒక పల్లెలో సర్కారు చిన్న దవాఖానా తెరిచింది. డాక్టరును మాత్రం వెయ్యలేదు. జయాబాయి ఒక్కతే దిక్కు. సోమవారంనాడు తాయప్ప అనే రైతు తన భార్య యంకవ్వను బండిలో తెచ్చాడు. ఒళ్లు కాలిపోయే జ్వరం. గొంతులో చీము. తాయప్ప తల్లి హనుమవ్వ కూడా వెంట వచ్చింది. పెన్సిలిన్ సూదికి ముందు పరీక్షకని జయాబాయి చర్మం కింద ఒక్క చుక్క వేసింది. చూస్తుండగానే యంకవ్వ మొహం ఉబ్బింది. ఊపిరి ఆడలేదు. ఆ బల్ల మీదే పోయింది.

“మందు చెడిపోయిందేమో?” అన్నాడు సూగప్ప.

“అదే సీసాల మందు పొద్దుగాల కాలిపుండు తాతకు ఏసిన. ఆయన నాట్ల కాడ కూసొని బీడీ తాగుతున్నడు.”

మహదేవప్ప అడిగాడు. “సూది ముందెన్నడన్న పడలేదా అని అడిగినవా అమ్మా?”

“అడగకుంట ఏస్తనా సాబ్? ఎన్నడు ఏసుకోలేదన్నడు తాయప్ప.”

“ఇంకేమన్నడు?”

“సూది ఎందుకు, గోలీలు ఇయ్యరాదా అన్నడు. పైసలకు భయపడ్డడనుకున్న. సర్కారు మందుకు పైసల్లేవంటే ఊకున్నడు.”

యంకవ్వ అన్న నాగప్ప గొడ్డలితో దవాఖానా ముందు తిరుగుతున్నాడు. రేపు పొద్దున వచ్చి పట్టుకుపోతానని ఎస్సై కబురు పెట్టాడు.

“నాకు ముందు ఎనక ఎవరు లేరు సాబ్,” అంది జయాబాయి. “జైలుకు పోయొస్తే ఏ ఊర్ల నన్ను కాన్పుకు పిలుస్తరు? సంపిన చేతులంటరు. గొడ్డలి దెబ్బే నయం.”

మహదేవప్ప ఓదార్చలేదు. అతనికి ఓదార్చడం రాదు. కోటు తీసి వేసుకున్నాడు.

మధ్యాహ్నానికి ముగ్గురూ మాన్వి చేరారు. జయాబాయిని అక్కడి పోలీసు ఠాణాలోనే కూర్చుంటే మేలని ఒప్పించి వదిలేశాక, మహదేవప్ప, సూగప్ప పల్లెకు చేరి తాయప్ప ఇంటికి వెళ్లారు. హనుమవ్వ గడపలో కూర్చుని ఉంది.

“నర్సమ్మ తరఫున వచ్చిండ్రా? కోటేసుకుంటే సచ్చినోళ్లు లేస్తరా నాయనా?”

“లెవ్వరు అవ్వా. కోడలు ఎట్లాంటిదో చెప్పు.”

ముసలిది కొంగు నోట్లో కుక్కుకుంది. కొంగు తీసి కళ్లు తుడుచుకుంది. “నోట్ల నాలుకలేని పిల్ల. ఏది అడిగినా నా కొడుకే చెప్పాలె. నా ముంగట మొగుని పక్క సూసి ఎరగదు. కొడుకు బొంబాయి పనికి పోయొచ్చినంక రెండు కాన్పులైనయ్. రెండూ సచ్చే పుట్టినయ్. పోయినేడు మొక్కుకొని గబ్బూరు గుడికి పోతమని పోయిరి ఇద్దరు. ఆకుపచ్చ గాజులతోటి పోయింది, ఎర్రగాజులతోటి వచ్చింది. ఏందే అంటే జనంల పలిగినయంట. కాలి మెట్టెలు గూడ కొత్తయే! ముత్తైదు మెట్టెలు తీస్తదా? గప్పుడే అనుకున్న, ఇంటికి కీడని.”

దొడ్లో ఎద్దుకు నీళ్లు పెడుతున్న తాయప్ప దగ్గరికి మహదేవప్ప వెళ్లాడు.

“పాత మెట్టెలు ఏం చేసినవ్?”

“పడిపోయినయ్.”

“రెండు కాళ్లవీనా?”

“జనం సాబ్. తొక్కులాటల...”

“ఎద్దు తాగింది. బకిట ఇంక దించు.”

ఖాళీ బకెట్టు పట్టుకుని నిలబడ్డాడని తాయప్పకు అప్పుడు తెలిసింది.

బయటికి వచ్చాక సూగప్ప విసుక్కున్నాడు. “ముసల్ది గాజులు, మెట్టెలు తప్ప ఒక్క ముక్క చెప్పలే సాబ్.”

“ఇంక చెప్పేటందుకు ఏం మిగల్లేదు,” అన్నాడు మహదేవప్ప. “బస్సు పట్టుకుందాం పా.”

బయటికి చెప్పుకోలేని రోగాలకు మగవాళ్లు మొహానికి తువ్వాలు చుట్టుకుని వెనక తలుపునుంచి వెళ్లే దవాఖానా రాయచూరులో ఒక్కటే ఉంది. అది డాక్టరు అమరేశప్పది. పెద్ద చదువు చదివినవాడు. మంచి పేరున్నవాడు. యంకవ్వ పేరు వినగానే కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

“రోగి సంగతి నేను బయటపెట్టను. నా వృత్తిలో ఎన్నడూ పెట్టలేదు.”

“మంచిదే డాక్టరుగారూ. ఇంతకూ రోగి ఎవరు? మొగుడా, పెళ్లామా?”

అమరేశప్ప లేచి గది తలుపు మూశాడు.

“తనకు ఏ రోగమో ఆమెకు తెలుసా?”

“పిల్లలు నిలవడానికి సూదులని అతనే చెప్పుకున్నాడు. అమ్మకు తెలిస్తే ఉరేసుకుంటానని నా కాళ్లు పట్టుకున్నాడు.”

“ఆమె కాళ్లు పట్టుకోలే. అందుకని ఆమెకు చెప్పలే. అంతేనా?”

డాక్టరు కళ్లద్దాలు పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. మహదేవప్ప బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు.

“రోగం పేరు నాకొద్దు. రేపు పల్లెకు రండి. సూది ముచ్చట ఒక్కటి చెప్పండి. రాకపోతే ఇంకో ఆడమనిషి, ఆ నర్సమ్మ, పోతది. పోయేది మీ రహస్యం మోసే.”

మర్నాడు పొద్దున దవాఖానా వరండాలో అందరూ కూడారు. ఎస్సై, బేడీలు తెచ్చిన జవాను, గోడకానుకుని జయాబాయి, మెట్ల మీద గొడ్డలితో నాగప్ప, తల్లి పక్కన తాయప్ప. ఊరి ఆడవాళ్లు చెట్లపక్కన గుమిగూడారు. డాక్టరు అమరేశప్ప అందరికన్నా దూరంగా నిలబడ్డాడు.

మహదేవప్ప గొంతు పెంచలేదు.

“మందు మంచిదే. అదే సీసా మందు వేసుకున్న తాత బతికే ఉన్నడు. కాబట్టి చెడ్డది మందు కాదు, ఆ మందు ఆ ఒంటికి పడలేదు. పడదని ఒకరికి ముందే తెలుసు. ఆడమనిషి గాజులు, మెట్టెలు ఒక్కసారే ఎందుకు పోతయ్? తొక్కులాటల ఒక చేతి గాజులు పలుగుతయ్. మెట్టెలు పోవు. చేతులు, వేళ్లు ఉబ్బితే అన్నీ తియ్యాలె. గాజులు పలగ్గొట్టాలె, మెట్టెలు కత్తిరించాలె. పోయినేడు యంకవ్వ ఒళ్లు అట్ల ఉబ్బింది. గబ్బూరుల కాదు, రాయచూరుల, సూది ఏసినంక. పక్కనున్నది మొగుడు. మొన్న సూది ఎందుకు, గోలీలు ఇయ్యరాదా అన్నది వాడే. ముందెన్నడన్న పడలేదా అని నర్సమ్మ అడిగింది యంకవ్వను. జవాబు చెప్పింది వాడు.”

“అబద్ధం!” అని అరిచాడు తాయప్ప. “ఎవరు సూసిండ్రు?”

జవాను బేడీలు సర్దుకున్నాడు. జయాబాయి ఎవరి వంకా చూడటం లేదు. చేతులు ముందుకు చాచడానికి సిద్ధపడ్డదానిలా ఉంది.

“నేను చూశాను,” అన్నాడు అమరేశప్ప.

ఆయన కళ్లద్దాలు తీశాడు. “సూది వేసింది నేనే. ఒళ్లు ఉబ్బింది. చావు తప్పింది. గాజులు నా చేత్తోనే పగలగొట్టాను. ఆ సూది మళ్లీ తగలకూడదని ఇతనికి చెప్పాను. ఇతనొక్కడికే చెప్పాను.”

హనుమవ్వ కొడుకు భుజం పట్టుకుంది. “ఎందుకు పోయినవురా రాయచూరుకు? ఏం రోగంరా?”

“అది ఇక్కడ అక్కరలేదు అవ్వా,” అన్నాడు మహదేవప్ప.

తాయప్ప నేల మీద కూలబడ్డాడు. “నువ్వు పక్కనే ఉంటివి గదనే అమ్మా! అవునంటే ఎక్కడ, ఎందుకు అని అడుగుదువు. చుక్కే గద, ఏం కాదనుకున్న.”

నాగప్ప గొడ్డలి లేచింది. జవాను, సూగప్ప కలిసి దాన్ని లాక్కున్నారు. లేకపోతే ఆ ఊళ్లో ఆ వారం రెండో చావు జరిగేది. అది జరిగినా తప్పేముందని అక్కడ చాలామందికి అనిపించింది.

“అబద్ధమాడినోనికి ఉరి ఉండదు,” అన్నాడు ఎస్సై, తాయప్పను లేపుతూ. “ఏ సెక్షన్ కింద పెట్టాలెనో పైవాళ్లను అడుగుత. నర్సమ్మా, నువ్వు పోవచ్చు.”

జయాబాయి పోలేదు. వరండా చివరనున్న డాక్టరు దగ్గరికి నడిచింది. ఆయన చేతులు జోడించాడు.

“నన్ను క్షమించమ్మా. పల్లె నర్సుకు చెబితే ఊరంతా పొక్కుతుందనుకున్నాను.”

ఆమె ఆ చేతుల వంక చూడలేదు.

“ఏం రోగమో నాకెందుకు సార్? ఈ సూది ఈ పిల్లకు పడదు అని ఒక్క ముక్క పంపితే సాలకపోయెనా? నన్ను నమ్మకపోతిరి. ఈ ఊర్ల పిల్లలందర్నీ ఈ చేతులతోటే తీసిన. ఏ బిడ్డ ఎవరికి పుట్టిందో నాకెరుక. ఒక్కరికన్న చెప్పిన్నా?”

ఎస్సై దారి వంక చూశాడు. చెట్లపక్కన నిలబడ్డ ఆడవాళ్లలో ఒక్కరూ తలెత్తలేదు.